బెంగ నిర్ధారణ కేంద్రం

బ్యూలాకు జర్మనీలో ఒక ఆసుపత్రి నుంచి నర్సు ఉద్యోగం వచ్చింది. అదే వారంలో, ఇక్కడ తను పనిచేస్తున్న నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ జలజాక్షి గారు పిలిచి, "హెడ్ నర్సు రిటైరవుతోందమ్మా. ఆ కుర్చీ నీకిస్తాను, ఉంటావా?" అని అడిగారు. రాకపోతే ఒక్కటీ రాదు, వస్తే రెండూ కలిసే వస్తాయి. పొద్దున పళ్ళు తోముకుంటున్నప్పుడు బ్యూలా వెళ్ళిపోదామనుకునేది. మధ్యాహ్నం వార్డులో ఎవరో ముసలాయన "సిస్టరమ్మా" అని చెయ్యి పట్టుకుంటే ఉండిపోదామనుకునేది. సాయంత్రానికి మళ్ళీ విమానం ఎక్కేది.

వాళ్ళమ్మ కరుణమ్మ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. కూతుర్ని వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. "కూరలో ఉప్పు పడిందో లేదో అనుమానమొస్తే రుచి చూస్తాం. దీనికి రుచి చూసే దారేదే?" అంది ఒకసారి. అని తన పనిలో తను పడిపోయింది.

అలా ఊగిసలాడి ఊగిసలాడి ఏదో ఒక వైపుకు బ్యూలా ఒరిగిపోయేదే. కానీ ఈలోగా ప్రభుత్వం సాయానికొచ్చింది.

జరిగిందేమిటంటే, ఒక మంత్రిగారు విదేశీ పర్యటనకు వెళ్ళారు. అక్కడి మనవాళ్ళు సభ పెట్టారు. మంత్రిగారు వెంట తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి సీసా మూత తీసేసరికి ముందు వరసలో కూర్చున్న ఇంజనీరొకాయన భోరుమన్నాడు. మంత్రిగారు కరిగిపోయారు. తిరిగి రాగానే అధికారుల్ని కూర్చోబెట్టి, "ఇంత బెంగ ఉన్న మనిషిని విమానం ఎక్కనిచ్చిందెవరు? వెళ్ళేముందు రక్తం చూస్తున్నాం, కళ్ళు చూస్తున్నాం, ఊపిరితిత్తులు చూస్తున్నాం. బెంగెందుకు చూడం?" అని నిలదీశారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేని చోట పథకం పుడుతుంది గనక, 'వలసపూర్వ బెంగ నిర్ధారణ పథకం' పుట్టింది.

పథకం సులువుగానే ఉంది. పిల్లల్లో ఎవరికి ఎంత బెంగ ఉందో శాస్త్రీయంగా కొలుస్తారు. తక్కువుంటే పచ్చచీటీ ఇస్తారు, వెళ్ళొచ్చు. ఎక్కువుంటే ఎర్రచీటీ ఇస్తారు, ఉండాలి. "నిర్ణయ భారమును యువత భుజముల నుండి దించి ప్రభుత్వమే తలకెత్తుకొనుచున్నది" అని ప్రకటన వెలువడింది. ఆ తర్వాత సచివాలయంలో ఎవరో బుర్రున్నవాడు ఇంకో మెట్టు ముందుకు ఆలోచించాడు. బెంగ లేనివాడు ఇవాళ కాకపోతే రేపు ఎగిరిపోతాడు కదా, అలాంటివాడికి ఇక్కడ మాత్రం ఉద్యోగమెలా ఇస్తారు? అంచేత ఊళ్ళో ఉద్యోగంలో పెట్టుకోవాలన్నా ఎర్రచీటీ ఉండాలన్నారు.

జలజాక్షి గారు ఇబ్బందిగా చెప్పారు. "నాకు నీ బెంగతో పని లేదమ్మా, నువ్వు ఇంజెక్షన్ చేసే పద్ధతి చాలు. కానీ చీటీ లేకుండా పెట్టుకుంటే నర్సింగ్ హోమ్‌కి తాళం వేస్తారట."

వెళ్ళడానికీ చీటీ కావాలి, ఉండడానికీ చీటీ కావాలి. సరే, ఏ చీటీ వస్తే అదే దేవుడి చిత్తం అనుకుని, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని బ్యూలా జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

బెంగ నిర్ధారణ కేంద్రాన్ని పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. లోపల రెండు గదులు, మధ్యలో ఒక తలుపు. ఒకటి విదేశ గది. అందులో ఏసీ గడ్డకట్టేలా తిప్పారు, కిటికీకి అవతల థర్మకోల్ మంచు పోశారు, బల్ల మీద బ్రెడ్డూ జామూ పెట్టారు. పక్కింటివాడిగా నటించే అటెండరు ఒకడు మూలన నిలబడి ఎవరి మొహమూ చూడకూడదని ఉత్తర్వు. అంతకు ముందున్న అటెండరు చలికి వణుకుతున్న ఒక పిల్లను చూసి "భోంచేశావా అమ్మా?" అని అడిగేసి సస్పెండయ్యాడు.

రెండోది స్వదేశ గది. అందులో ఫ్యాను తిరగదు, మైకు మాత్రం ఆగదు. మడత మంచం మీద మేనత్త వేషంలో మాణిక్యాంబ కూర్చుని ఉంటుంది. ఆవిడ ఒకప్పుడు నాటకాల్లో పేరున్న మనిషి. నాటకాలు పోయి ఇంట్లో కూర్చున్నదాన్ని జిల్లా యంత్రాంగం ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో అత్తగా తీసుకుంది.

కేంద్రానికి అధిపతి డిప్యూటీ డైరెక్టర్ గవర్రాజు గారు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగదు, మాట కూడా అంతే. "భయపడవలసిన అవసరము లేదు. ఇచ్చట మీ అంతరంగము పూర్తి పారదర్శకముగా పరిశీలింపబడును," అన్నాడు బ్యూలాతో. ఆయన పక్కన గుమాస్తా చిట్టబ్బాయి దూదీ, బంగారం తూచే చిన్న త్రాసూ పట్టుకుని నిలబడ్డాడు. కన్నీళ్ళు దూదితో అద్ది తూచడం, నిట్టూర్పులు లెక్కపెట్టడం అతని ఉద్యోగం.

బ్యూలాను మొదట విదేశ గదిలో పెట్టారు. చల్లగా ఉంది, ఎవరూ పలకరించడం లేదు, ముందు రోజు డబుల్ డ్యూటీ చేసొచ్చింది. హాయిగా నిద్రపోయింది. చిట్టబ్బాయి తలుపు సందులోంచి చూసి, "బెంగ నిల్" అని రాసుకున్నాడు.

తర్వాత స్వదేశ గది. మాణిక్యాంబ మంచం మీంచి లేచి మెటికలు విరిచింది. "నా తల్లే! ఎంత చిక్కిపోయావే! నీ ఈడు పిల్లలంతా ఇద్దరేసి పిల్లల్నెత్తుకుని తిరుగుతుంటే నీకింకా ఈ సూదులూ మందులూ ఏంటే?" అంది. బ్యూలాకు నవ్వొచ్చింది. అంతలో ఆవకాయ కలిపిన వేడన్నం ముద్ద తెచ్చి ఆమె నోట్లో పెట్టారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిట్టబ్బాయి చటుక్కున దూది అద్దాడు.

అక్కడొచ్చింది చిక్కు. త్రాసులో దూది బాగానే తూగింది. కానీ అవి కారం కన్నీళ్ళా, బెంగ కన్నీళ్ళా?

"బెంగవే అయ్యుండాలండి," అన్నాడు చిట్టబ్బాయి. "ముక్కు కూడా చీదింది."

"ముక్కు చీదుట ఉభయత్ర సాధారణము," అన్నాడు గవర్రాజు. "ఏమమ్మా, కన్నీరెందుకు వచ్చినట్లు?"

"కారం ఎక్కువైందండి," అంది బ్యూలా.

వరండాలో కూర్చున్న కరుణమ్మ ఉండబట్టలేక తలుపు దగ్గరకొచ్చింది. "నూనె సరిగ్గా పడలేదండి ఆ ఆవకాయలో. అందుకే ఘాటు. ఎవరికైనా ఏడుపొస్తుంది."

"వంట గురించి అభిప్రాయము కోరబడలేదు," అన్నాడు గవర్రాజు. చాలాసేపు ఆలోచించి బ్యూలాకు పసుపుచీటీ ఇచ్చాడు. అంటే పరిశీలనలో ఉన్నట్టు. పసుపుచీటీ వాళ్ళు వెళ్ళడానికి లేదు, ఉద్యోగంలో ఉండడానికీ లేదు.

"మరి ఏం చెయ్యాలండి నేను?" అంది బ్యూలా.

"పరిశీలనలో ఉండవలెను."

వచ్చేటప్పుడు బస్సులో కరుణమ్మ, "రెంటికీ చెడ్డ రేవడివయ్యావు కదే," అని కూతురి జుట్టు సవరించింది. ఆ మర్నాటి నుంచే బ్యూలా ఉద్యోగం ఆగిపోయింది. జలజాక్షి గారు బాధపడుతూనే ఇంటికి పంపారు. జర్మనీ ఆసుపత్రివాళ్ళు ఎప్పుడొస్తున్నారని మర్యాదగా అడుగుతున్నారు. పరిశీలనలో ఉన్నానన్న మాటను జర్మన్‌లో ఎలా చెప్పాలో ఆమె చదివిన కోర్సులో లేదు.

జిల్లాలో పరీక్ష అనేది ఒకటి వచ్చాక కోచింగ్ రాకుండా ఉంటుందా? బస్టాండు ఎదురుగా రాత్రికి రాత్రే బోర్డులు లేచాయి. పచ్చ బ్యాచ్ వాళ్ళకు ఏడవకుండా ఉండడం నేర్పుతారు, ఎర్ర బ్యాచ్ వాళ్ళకు ఏడవడం నేర్పుతారు. పచ్చ బ్యాచ్ హాస్టల్లో పండగలకు సెలవుల్లేవు, ఇంటి ఊసెత్తకూడదు. ఒక కుర్రాణ్ణి చూడ్డానికి వాళ్ళమ్మ సున్నుండలు కట్టుకొస్తే, అతను గేటు దాకా వచ్చి, "ఎవరండీ మీరు? ఎవరు కావాలి?" అన్నాడు. ఆ తల్లి సొమ్మసిల్లింది. యాజమాన్యం మాత్రం ఆ కుర్రాడి ఫొటోతో ఫ్లెక్సీ వేయించింది.

అందరూ కోచింగ్‌లకు పోలేదు. తెలివైనవాళ్ళు పథకం ఇంకా రాని పక్క జిల్లాకు మకాం మార్చేసి అక్కణ్ణించి విమానాలెక్కారు. విదేశాలకు వలస తగ్గిందనీ, పక్క జిల్లాకు వలస విపరీతంగా పెరిగిందనీ లెక్కలు తేలాయి. ప్రభుత్వం ఊరుకుంటుందా? జిల్లా దాటే ప్రతి వలసకూ బెంగ పరీక్ష తప్పనిసరి అని మరో ఉత్తర్వు వేసింది. దాన్ని గవర్రాజు శ్రద్ధగా చదివాడు. చదివి, పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్ల కూడా వలసదారేనని కనిపెట్టాడు.

బ్యూలాతో చదువుకున్న హారిక పెళ్ళి ఆ వారంలోనే. పెళ్ళికొడుకుది పక్క జిల్లా. అప్పగింతలవుతున్నాయి. పళ్ళెంలోని పాలలో హారిక చేతులు ముంచి అత్తగారి చేతికి తాకిస్తున్నారు. సన్నాయి ఏడుపు రాగం అందుకుంది. హారిక వాళ్ళ నాన్నను పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. జనంలోంచి చిట్టబ్బాయి దూదితో ముందుకొచ్చాడు. అద్ది, తూచి, పెద్దల వైపు తిరిగి, "క్షమించాలండి. అమ్మాయికి ఎర్రచీటీ. కదలడానికి వీల్లేదు," అన్నాడు.

పెళ్ళికొడుకు తండ్రి మీసం లేచి నిలబడింది. "అప్పగింతల్లో ఏడవని పెళ్ళికూతురు ఉంటుందటయ్యా?"

"ఉంటే పచ్చచీటీ ఇచ్చేవాణ్ణండి."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పునఃపరీక్షకు అవకాశముందండి. ఓ గంటాగి మళ్ళీ అప్పగింతలు చేయించండి. అమ్మాయి నవ్వుతూ ఉంటే పంపిస్తాను."

చేసేది లేక మళ్ళీ పాలు తెచ్చారు. సన్నాయి వాళ్ళను హుషారు పాట వాయించమన్నారు. స్నేహితురాళ్ళంతా చుట్టూ చేరి హారికను నవ్వించారు. హారిక పకపకా నవ్వుతూ తండ్రిని వదిలి కారెక్కింది. పచ్చచీటీ వచ్చింది. పెళ్ళికొడుకు వైపు ముసలమ్మలు మాత్రం, "పుట్టిల్లు వదిలేటప్పుడు ఆ నవ్వేంటమ్మా, మనింట్లో ఏం నిలుస్తుంది?" అని ముక్కున వేలేసుకున్నారు. కారు కదిలాక హారిక తండ్రి గోడవైపు తిరిగి కండువాతో మొహం కప్పుకోవడం బ్యూలా చూసింది. చిట్టబ్బాయి కూడా చూశాడు. తండ్రుల్ని తూచమని ఉత్తర్వులు లేనందున ఏమీ చెయ్యలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు బ్యూలాకు మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి స్వదేశ గదితోనే మొదలుపెట్టారు. ఆ రోజు అభ్యర్థులు ఎక్కువ. మాణిక్యాంబ పొద్దుట్నుంచీ అత్తగానే ఉంది. అభ్యర్థుల ఎదుట అత్త తినకూడదు, అభ్యర్థులు లేని సమయం లేదు.

"నా తల్లే! ఎంత చిక్కి..." అంటూ మాణిక్యాంబ లేవబోయి మంచం పట్టె పట్టుకుంది. "నీ ఈడు పిల్లలంతా... పిల్లలంతా..." మాట ముద్దగా వస్తోంది. చూపు ఎటో పోయింది.

"ఈవేళ అద్భుతంగా చేస్తున్నారండి," అని చిట్టబ్బాయి మెచ్చుకుని నిట్టూర్పులు లెక్కపెట్టుకుంటున్నాడు.

బ్యూలా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి మంచులా ఉంది, నుదురంతా చెమట. "అమ్మా, మీకు షుగరుందా? మాత్రలు వేసుకుంటారా?" అని చెవి దగ్గర అడిగింది. మాణిక్యాంబ తలూపింది.

"షుగరు పడిపోయింది, పంచదార తెండి! ఏదన్నా తియ్యనిది! తొందరగా!"

చిట్టబ్బాయి కంగారుగా చుట్టూ చూశాడు. "స్వదేశ గదికి ఆవకాయ ఒక్కటే శాంక్షనండి."

బ్యూలాకు బ్రెడ్డు పక్కన ఉన్న జాము గుర్తొచ్చింది. మధ్య తలుపు ఒక్క తోపు తోసింది. మూలన పక్కింటివాడు ఉత్తర్వు ప్రకారం ఆమె మొహం చూడకుండా నిలబడ్డాడు. ఆమె జాము సీసా లాక్కుని, మళ్ళీ ఒక్క అంగలో ఇవతలికొచ్చి, మాణిక్యాంబను ఒళ్ళో ఆనించుకుని కొంచెం కొంచెం నాకించింది. ఆవిడ మింగగలుగుతోందో లేదో చూసుకుంటూ, నీళ్ళు పట్టిస్తూ కూర్చుంది. కాసేపటికి మాణిక్యాంబ కళ్ళు నిలబడ్డాయి. "ఇదేంటే, ఇంత చండాలంగా ఉంది?" అంది.

"విదేశీ జామండి," అంది బ్యూలా. ఇద్దరూ నవ్వుకున్నారు.

గుమ్మంలో గవర్రాజు నిలబడి ఉన్నాడు. మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "ఏమి జరిగినదో మీకు అవగతమగుచున్నదా? మీరు పచ్చచీటీ లేకుండా విదేశములో ప్రవేశించితిరి. అనగా అక్రమ వలస. అచ్చటి వస్తువును అనుమతి లేకుండా స్వదేశమునకు తెచ్చితిరి. అది మరొక నేరము."

"ఆవిడ చల్లబడిపోతున్నారండి!"

"అది ఆమె అనారోగ్యము. ఇది మీ సరిహద్దు ఉల్లంఘన. వేర్వేరు విషయములు." కుర్చీలో కూర్చుని విచారణ మొదలుపెట్టాడు. "దాటునప్పుడు మీకు బెంగ కలిగెనా?"

"ఆ క్షణంలో బెంగ పడే తీరికెక్కడుందండి?"

"బెంగ లేదు," అని చిట్టబ్బాయితో రాయించాడు. "అచ్చట ఉండిపోవలెనని అనిపించెనా?"

"ఆవిడిక్కడ ఉంటే నేనక్కడ ఏం చేస్తానండి? తిరిగొచ్చెయ్యాలనే తప్ప ఇంకో ధ్యాస లేదు."

"తిరిగి వచ్చుటకు తీవ్ర ఆరాటము," అని చిట్టబ్బాయి తనంతట తనే రాసేసి, రాసింది చూసుకుని నాలిక కరుచుకున్నాడు.

గవర్రాజు నిబంధనల పుస్తకం తిరగేశాడు. బెంగ లేకుండా సరిహద్దు దాటినవాళ్ళకు పచ్చచీటీ ఇవ్వాలి. ఆరాటంతో తిరిగొచ్చినవాళ్ళకు ఎర్రచీటీ ఇవ్వాలి. నిబంధన నిబంధనే. అక్రమ వలస మీద పైవాళ్ళకు నివేదిక రాస్తానని చెప్పి, బ్యూలా చేతిలో రెండు చీటీలూ పెట్టాడు. రాష్ట్రంలో రెండూ దొరికినది ఆమె ఒక్కతే.

మాణిక్యాంబను ఆటోలో ఇంటికి దింపడానికి బ్యూలానే వెళ్ళింది. దారిలో అరటిపండు తినిపించింది. ఆవిడ ఆ రెండు చీటీలూ తిప్పి తిప్పి చూసి, "ఇప్పుడేం చేస్తావే పిల్లా?" అని అడిగింది. అది అత్త వేషం గొంతు కాదు.

"వెళ్తానండి," అంది బ్యూలా. అనేశాక తనే ఆశ్చర్యపోయింది. ఇన్ని నెలలు పళ్ళు తోముకుంటూ, వార్డులో తిరుగుతూ, బస్సుల్లో ఊగుతూ తేలనిది, ఆటోలో గతుకుల మధ్య నోట్లోంచి జారిపోయింది. ఎలా వచ్చిందని వెతుక్కుంటే, జాము సీసా కోసం తలుపు తోసినప్పటి చేతులు గుర్తొచ్చాయి. అవతల ఏ దేశముందో ఆ చేతులు చూడలేదు. మంచం మీద మనిషి ఉంటే చాలు, అవి ఎక్కడైనా తమ పని తాము చేసుకుంటాయి.

"బెంగో?"

"అదీ ఉంటుందండి. ఆదివారాలు పెట్టుకుంటాను. డ్యూటీ రోజుల్లో కుదరదు కదా."

మాణిక్యాంబ పళ్ళు కనబడేలా నవ్వి, ఆమె చెంప మీద చిన్నగా కొట్టింది.

ఇంటికెళ్ళి చెబితే కరుణమ్మ పొయ్యి మీంచి చూపు తిప్పకుండా, "తేలిందా? పోన్లే," అంది. అని, గరిటె తిప్పుతూ, "మంచి నూనె పోసి పెడతాను ఆవకాయ," అంది.

మర్నాడు ఎర్రచీటీ వాపసు ఇచ్చేద్దామని బ్యూలా కేంద్రానికి వెళ్ళింది. గవర్రాజు తన కుర్చీలో లేడు. స్వదేశ గదిలో మడత మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నలిగి ఉంది. చిట్టబ్బాయి పక్కన దూది పట్టుకుని ఎటూ తోచక నిలబడ్డాడు.

సంగతేమిటంటే, గవర్రాజుకు ప్రమోషనొచ్చింది. రాజధానిలో పెద్ద కుర్చీ. బదిలీ కూడా జిల్లా దాటే వలసే గనక ఆయనకూ బెంగ పరీక్ష తప్పలేదు. విదేశ గదిలో కూర్చున్న కాసేపటికే పక్కింటివాడి వైపు తిరిగి, "ఏమోయ్, నన్ను చూడవేం?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. చిట్టబ్బాయి దూది అద్దక తప్పలేదు. ఎర్రచీటీ. ప్రమోషన్ పోయినట్టే.

బ్యూలాను చూసి గవర్రాజు సర్దుకుని కూర్చున్నాడు. గ్రాంథికం మాత్రం తిరిగి రాలేదు. "కూర్చో అమ్మా. నాకొకటి చెప్పు. ఏ మాత్రం బెంగ లేకుండా అంత దూరం ఎలా వెళ్తున్నావు? ఏమన్నా కోచింగ్ తీసుకున్నావా?"

"బెంగ ఉందండి."

"మరి?"

"ఉన్నా వెళ్తున్నానండి."

గవర్రాజు చిట్టబ్బాయి వైపు చూశాడు. చిట్టబ్బాయి రిజిస్టరు తెరిచి ఆ చివర్నించి ఈ చివరి దాకా వేలు పెట్టి వెతికాడు. "అలాంటి గడి మన దగ్గర లేదండి," అన్నాడు.

"లేదమ్మా, నిజమే," అన్నాడు గవర్రాజు, తప్పు తనదే అయినట్టు. ఎర్రచీటీ తీసుకున్నాడు, చించి పక్కన పడేశాడు. పచ్చచీటీ మీద ముద్ర వేసి చేతికిచ్చాడు. బ్యూలా దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మాయ్," అని వెనక నుంచి పిలిచాడు. "ఆదివారాలు పెట్టుకుంటానన్నావట, మాణిక్యాంబ గారు చెప్పారు."

"ఔనండి."

"సరిపోతాయంటావా?"

బ్యూలా వెనక్కి తిరిగింది. "సరిపోకపోతే శనివారం సాయంత్రాన్నుంచి మొదలుపెట్టొచ్చండి," అంది.

గవర్రాజు గంభీరంగా తలూపాడు. తర్వాత చిట్టబ్బాయి చేతిలోంచి ఓ దూది ముక్క తీసుకుని, తూచకుండానే కళ్ళు తుడుచుకుని, రాజధానికి వెళ్ళే బస్సు ఎన్నింటికో కనుక్కురమ్మని అతన్ని పంపించాడు.